సెన్సార్ ఆఫీసు మూసేశారు, మరి కియోస్కు ఎవరిది?

1989 మే 8న పోలండ్ రాజధాని వార్సాలో ఒక కొత్త దినపత్రిక వచ్చింది. ఎనిమిది పేజీలు, లక్షా యాభై వేల కాపీలు. పేరు ‘గజెతా విబోర్చా’, అంటే ఎన్నికల పత్రిక. జూన్ 4న జరగబోయే ఎన్నికల కోసం కార్మికుల సాలిడారిటీ ఉద్యమం ఒక దినపత్రిక పెట్టుకోవచ్చని కమ్యూనిస్టు ప్రభుత్వం రౌండ్ టేబుల్ చర్చల్లో ఒప్పుకుంది. అప్పటిదాకా దొంగచాటుగా వారపత్రికలు అచ్చేసి పంచినవాళ్లు ఒక పాత శిశువిహార్ భవనంలో బల్లలు వేసుకుని పని మొదలెట్టారు. సంపాదకుడు ఆడమ్ మిఖ్నిక్, అప్పటికే కొన్నేళ్లు జైల్లో గడిపి వచ్చినవాడు.

తూర్పు కూటమిలో చట్టబద్ధంగా వచ్చిన మొదటి స్వతంత్ర దినపత్రికగా దీన్ని చెప్పుకుంటారు. కానీ ఆ స్వతంత్ర పత్రికకు కాగితం ప్రభుత్వ కోటాలోంచి రావాలి. ప్రభుత్వ ప్రెస్సులో అచ్చవ్వాలి. సెన్సార్ కార్యాలయం చూడాలి. చివరికి పార్టీ సంస్థ నడిపే కియోస్కుల్లోనే, అంటే వీధి పత్రికల కొట్లలోనే, అమ్ముడుపోవాలి. రాసే చెయ్యి ఒక్కటే కొత్తది.

కమ్యూనిస్టు దేశాల మీడియా అనగానే ఎర్ర పెన్సిలు పట్టుకుని వాక్యాలు కొట్టేసే సెన్సార్ అధికారి గుర్తొస్తాడు. నిజానికి ఆయన దగ్గరికి వచ్చేసరికి కొట్టెయ్యడానికి మిగిలేది తక్కువే. సంపాదకుణ్ని వేసేది పార్టీ. న్యూస్‌ప్రింట్ ఎంతివ్వాలో చెప్పేది ప్రభుత్వం. ప్రెస్సు, పోస్టల్ చందా, కియోస్కు, టీవీ టవరు, జర్నలిస్టుకు ఇచ్చే ఫ్లాటు, అన్నీ ఒకే దగ్గరి నుంచి వస్తాయి. చెరువు తూములన్నీ ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు ఫలానా పొలానికి నీళ్లు ఇవ్వబోమని నోటీసు అంటించాల్సిన పని ఉండదు.

పోలండ్ 1990 ఏప్రిల్‌లో సెన్సార్ కార్యాలయాన్ని రద్దు చేసింది. దానికి ఒక చట్టం చాలు. ప్రెస్సులు, కియోస్కులు, భవనాలు, పత్రికల పేర్లు అలా కాదు, అవి ఆస్తులు. ఆస్తి రద్దవ్వదు, చేతులు మారుతుంది. ఎవరి చేతుల్లోకి వెళ్లింది, ఆ తర్వాత అక్కడే ఉందా, మళ్లీ ఒకే చేతిలోకి పోగుపడిందా అని చూసుకుంటూ పోతే, తూర్పు యూరప్‌లో ఒకచోట పత్రికలు బతికి ఇంకొకచోట ఎందుకు చచ్చాయో చాలావరకు అర్థమవుతుంది. జర్నలిస్టుల ధైర్యం, ప్రజల చైతన్యం లాంటివి లెక్కలోకి రావని కాదు. అవి అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. కానీ ఫలితాలు మాత్రం వేరువేరుగా వచ్చాయి.

పోలండ్‌లో ఆ ఆస్తి పేరు ఆర్‌ఎస్‌డబ్ల్యూ. పార్టీ సొంత ప్రచురణ సామ్రాజ్యం అన్నమాట. దేశంలో దినపత్రికల్లో అధిక భాగం దానివే. ప్రెస్సులు దానివే, ‘రూఖ్’ అనే కియోస్కుల గొలుసూ దానిదే. ఆ లాభాలతోనే పార్టీ ఖర్చులు చాలావరకు నడిచేవి. 1990 మార్చి 22న పార్లమెంటు దాన్ని లిక్విడేట్ చేస్తూ, అంటే ఆస్తులు తేల్చి మూసేస్తూ, చట్టం చేసింది. కమిషన్ వేసి పత్రికలను విడివిడిగా పంచారు. దాదాపు 70 పత్రికలను వాటిలో పనిచేసే జర్నలిస్టుల సహకార సంఘాలకే ఇచ్చారు. మిగతావి టెండర్లలో అమ్మారు.

వినడానికి ఎంత బాగుందో చూడండి, పత్రిక రాసేవాళ్లకే పత్రిక! కానీ ఆ సహకార సంఘాల దగ్గర కొత్త మిషన్లు కొనే డబ్బు లేదు. ప్రకటనలు తేవడం ఎలాగో తెలిసినవాళ్లు లేరు. నాలుగైదేళ్లలో వాటిలో ఎక్కువ భాగం తమ వాటాలు అమ్మేసుకున్నాయి. కొన్నది ఎక్కువగా పశ్చిమ యూరప్ కంపెనీలు. ఫ్రెంచ్ పత్రికాధిపతి రాబర్ట్ ఎర్సాన్ మొదట వచ్చాడు. ఆయన కొన్నవాటిని తర్వాత జర్మనీలోని పస్సావు పట్టణానికి చెందిన ప్రచురణ సంస్థ తీసుకుంది. బవేరియా మూలన ఉన్న ఒక కుటుంబ సంస్థ చేతిలోకి పోలండ్ జిల్లా పత్రికలు వెళ్లిపోయాయి. పోలిష్ జాతీయవాదులకు ఇది ఎప్పటికీ మానని పుండైంది. దాని ఫలితం తర్వాత చూద్దాం.

గజెతా దారి వేరు. దాన్ని నడిపినవాళ్లు అగోరా అనే సొంత కంపెనీ పెట్టుకుని, ప్రకటనల వ్యాపారం నేర్చుకుని, 1999లో స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లారు. ఈలోగా ఉద్యమంతో బంధం తెగిపోయింది. 1990లో సాలిడారిటీ నాయకుడు లేఖ్ వలేసా వర్గంతో గొడవ వచ్చి, పేజీ మీద సాలిడారిటీ చిహ్నం వాడే హక్కును పత్రిక పోగొట్టుకుంది. ఆ నష్టం దానికి మేలే చేసిందని నా అభిప్రాయం. ఉద్యమ పత్రికగా ఉండిపోయిన పత్రికలు ఉద్యమం చీలిన రోజే చీలిపోయాయి.

పక్క దేశాల్లో పంపకాలు ఇంత పద్ధతిగా కూడా జరగలేదు. హంగరీలో 1990 వసంతంలో, ఎన్నికల ముందు గందరగోళంలో, కొన్ని కౌంటీ పార్టీ పత్రికల సిబ్బంది మూకుమ్మడిగా వెళ్లి జర్మన్ సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ కొత్తగా పెట్టిన కంపెనీలో చేరిపోయారు. పాఠకులు, పంపిణీ, అలవాటు అన్నీ వాళ్లతోపాటే వెళ్లాయి. పార్టీకి దాదాపు ఏమీ ముట్టలేదు. చెకొస్లొవాకియా పార్టీ పత్రిక ‘రూదే ప్రావో’ సంపాదకులు కూడా సొంత కంపెనీ పెట్టుకుని పత్రికను పార్టీ నుంచి విడదీసుకుపోయారు. తర్వాత ఎర్ర అనే అర్థమిచ్చే ‘రూదే’ను తీసేసి ఉత్త ‘ప్రావో’ అయ్యారు. తూర్పు జర్మనీలో ఈ డ్రామా ఏదీ లేదు. ప్రభుత్వ ఆస్తుల్ని అమ్మే ట్రాయ్‌హాండ్ సంస్థ జిల్లా పార్టీ పత్రికల్ని పశ్చిమ జర్మనీ పెద్ద ప్రచురణకర్తలకు కట్టబెట్టింది. విప్లవం రోజుల్లో పుట్టిన చిన్న పత్రికలు ఆ పోటీలో కొట్టుకుపోయాయి. పాత పార్టీ పత్రికలు యజమాని మారి బతికిపోయాయి.

ఈ కథ అంచు ఒకటి మనకూ తగిలింది. సోవియట్ రాయబార కార్యాలయం తెలుగుతో సహా చాలా భారతీయ భాషల్లో ‘సోవియట్ భూమి’ పత్రిక వేసేది. నిగనిగలాడే ఆ కాగితాన్ని చదివినవాళ్లకన్నా బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్లే ఎక్కువేమో. మాస్కోలోనే తెలుగులోకి అనువదించి అచ్చేసిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కాగితం ఖరీదు కూడా రాని ధరకు దొరికేవి. సోవియట్ యూనియన్ కూలాక అవి ఆగిపోయాయి. ఎవరూ నిషేధించలేదు. డబ్బు కట్టే ఖజానా లేకుండా పోయిందంతే.

మాస్కో పత్రికలకు అదే దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. గోర్బచేవ్ కాలంలో సోవియట్ జనం పత్రికల మీద ఎంతగా ఎగబడ్డారంటే, ‘అర్గుమెంతి ఇ ఫక్తి’ అనే వారపత్రిక 1990లో 3.3 కోట్ల కాపీలు దాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. 1990 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన పత్రికా చట్టం సెన్సార్‌షిప్‌ను నిషేధించింది. చదివే జనం ఉన్నారు, రాసే స్వేచ్ఛ ఉంది. ఇక లోటేమిటి?

లోటు లెక్కల్లో ఉంది. 1992 సంవత్సరానికి చందాలు 1991 చివర్లోనే పాత ధరకు కట్టించుకున్నారు. 1992 జనవరి 2న ప్రభుత్వం ధరల మీద అదుపు ఎత్తేసింది. కాగితం, అచ్చు, పోస్టు ఖర్చులు చూస్తుండగానే ఆకాశానికెళ్లాయి. చందా డబ్బు విలువ కరిగిపోయింది, ఏడాది పొడవునా పత్రిక మాత్రం ఇంటికి చేర్చాలి. మరుసటి ఏడాదికి చందా పెంచుదామంటే పాఠకుడి జీతం కూడా అలాగే కరిగిపోయింది. లక్షల్లో సర్క్యులేషన్ ఉన్నంత మాత్రాన లాభమని అనుకుంటాం కానీ, అప్పుడు ఎక్కువ చందాదారులున్న పత్రికకే ఎక్కువ నష్టం. చేసేది లేక పత్రికలు ప్రభుత్వ సబ్సిడీ అడిగాయి, దొరక్కపోతే బ్యాంకుల గుమ్మం ఎక్కాయి. డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రకటనలు వేయడం మొదలైంది, మన దగ్గర పెయిడ్ న్యూస్ అంటున్నదే. స్వేచ్ఛ వచ్చిన రెండేళ్లలోపే రష్యన్ పత్రిక కొత్త పోషకుణ్ని వెతుక్కోవాల్సి వచ్చింది. తర్వాత జరిగినదాన్ని ఒక్క పుతిన్ ఖాతాలో వేసేసేవాళ్లు ఈ 1992ను మరిచిపోతారు.

ఆ పోషకుల్లో ముఖ్యుడు వ్లదిమిర్ గుసిన్‌స్కీ. 1993లో ఆయన పెట్టిన ఎన్‌టీవీ రష్యాలో టీవీ వార్తలంటే ఎలా ఉండాలో చూపించింది. మొదటి చెచెన్యా యుద్ధంలో ప్రభుత్వం ఒకటి చెబుతుంటే, ఎన్‌టీవీ కెమెరాలు ఇంకొకటి చూపించాయి. నాయకుల్ని బొమ్మలుగా చేసి ఆడించే ‘కూక్లి’ కార్యక్రమం ఇంటింటా చూశారు. కానీ దాని పునాదిలోనే ఒక బీట ఉంది. ఎన్‌టీవీకి ప్రసార సమయం దొరికింది అధ్యక్షుడు యెల్త్సిన్ ఉత్తర్వు వల్ల. 1996 అధ్యక్ష ఎన్నికల్లో యెల్త్సిన్ ఓడిపోయేలా ఉన్నాడు, ఎదురుగా ఉన్నది కమ్యూనిస్టు అభ్యర్థి. కమ్యూనిస్టులు తిరిగొస్తే స్వేచ్ఛే ఉండదన్న వాదనతో ఎన్‌టీవీ అధిపతి ఇగోర్ మలషెంకో ఉద్యోగం వదలకుండానే యెల్త్సిన్ ప్రచార బృందంలో చేరాడు. యెల్త్సిన్ గెలిచాడు. ఆ ఏడాదే ఎన్‌టీవీకి నాలుగో చానెల్ పూర్తి సమయం దక్కింది, ప్రభుత్వ పట్టులో ఉన్న గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రామ్ వాటా కొనింది, తర్వాత అప్పులకు హామీ కూడా ఉంది.

అంటే చానెల్ మెడలో తాడు 1996లోనే పడింది. 2000లో పుతిన్ వచ్చాక దాన్ని లాగారు. 2000 జూన్‌లో గుసిన్‌స్కీని అరెస్టు చేశారు. మీడియా కంపెనీని గాజ్‌ప్రామ్‌కు అమ్మితే కేసులు ఎత్తేస్తామన్న ఒప్పందం మీద పత్రికా వ్యవహారాల మంత్రి మిహాయిల్ లేసిన్ సంతకం కూడా పెట్టాడు. జైలును బేరానికి వాడుకున్నారని 2004లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. కానీ అప్పటికే మూడేళ్ల కిందట, 2001 ఏప్రిల్ 14న, గాజ్‌ప్రామ్ మనుషులు చానెల్‌లోకి వచ్చి కూర్చున్నారు. సెన్సార్ ఉత్తర్వు అనేదే అక్కర్లేకపోయింది. కాగితాల మీద అది అప్పు వసూలు వ్యవహారం.

టీవీ సంగతి పత్రికకన్నా చిక్కు. పత్రిక ఎవరైనా పెట్టుకోవచ్చు, ఫ్రీక్వెన్సీలు మాత్రం లెక్కకు నాలుగైదే. రుమేనియాలో 1989 డిసెంబరు విప్లవం టీవీ స్టూడియోలోనే లైవ్‌గా నడిచింది. కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలన చివర్లో రోజుకు రెండు గంటలు మాత్రమే వచ్చే టీవీ ఒక్కసారిగా రోజంతా వచ్చి, ‘స్వేచ్ఛా రుమేనియా టెలివిజన్’ అయింది. విచిత్రమేమంటే ఆ స్టూడియో నుంచి అధికారంలోకి వచ్చినవాళ్లు దాన్ని వదల్లేదు. 1990 మేలో ఇయాన్ ఇలియెస్కు 85 శాతం ఓట్లతో గెలిచేనాటికి దేశంలో జాతీయ టీవీ అదొక్కటే. తర్వాత ప్రైవేటు చానెళ్లు వచ్చినా, వాటిలో ఒక పెద్ద సంస్థను స్థాపించిన దాన్ వొయికులెస్కు పాత రహస్య పోలీసులకు సహకరించినవాడని బయటపడింది. 2014లో ఆయన మనీ లాండరింగ్ కేసులో పదేళ్ల జైలుకు వెళ్లాడు.

చెక్ దేశం ఇంకో దారి పట్టింది. 1994 ఫిబ్రవరిలో మొదలైన ప్రైవేటు చానెల్ టీవీ నోవాకు లైసెన్స్ ఇచ్చేటప్పుడు చదువూ సంస్కృతీ అని పెద్ద మాటలు చెప్పారు. వచ్చింది అమెరికన్ సీరియళ్లు, రాత్రిపూట బట్టల్లేని మోడళ్లతో వాతావరణ వార్తలు. ఏడాదిలో ప్రేక్షకుల్లో మూడింట రెండొంతులు అటే. పెట్టుబడి అమెరికన్ కంపెనీది, లైసెన్స్ మాత్రం వ్లదిమీర్ జెలెజ్నీ బృందానిది. 1999లో ఇద్దరికీ చెడింది. పెట్టుబడిని కాపాడలేకపోయారని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ చెక్ ప్రభుత్వాన్ని కట్టమన్న నష్టపరిహారం వడ్డీతో కలిపి 35 కోట్ల డాలర్లు దాటింది. ఒక టీవీ గొడవకు చెక్ పన్ను చెల్లింపుదార్లు కట్టిన సొమ్మది.

అదే దేశంలో ప్రభుత్వ రంగ చానెల్ మాత్రం గట్టిగా నిలబడింది. 2000 డిసెంబరులో రాజకీయ పక్షాలకు అనుకూలుడని పేరున్న యిర్జీ హొదాచ్‌ను డైరెక్టర్‌గా వేస్తే జర్నలిస్టులు న్యూస్‌రూమ్‌లోనే బైఠాయించారు. జనవరి 3న ప్రాగ్‌లోని వెన్సెస్లాస్ చౌక్‌లో లక్ష మంది దాకా చేరారు. హొదాచ్ దిగిపోయాడు. పార్లమెంటు చట్టం మార్చి, పర్యవేక్షణ మండలికి పేర్లు ప్రతిపాదించే పనిని పార్టీల నుంచి పౌర సంఘాలకు ఇచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ చానెల్ డబ్బు బడ్జెట్ నుంచి రాదు, ప్రతి ఇల్లూ కట్టే రుసుము నుంచి వస్తుంది. నాయకులకు అక్కడా ఒక మెలిక దొరికింది లెండి. నెలకు 135 క్రౌన్ల ఆ రుసుమును 2008 నుంచి 2025 దాకా పెంచనే లేదు.

పోలండ్‌లో ఫ్రీక్వెన్సీల బేరం ఎలా ఉంటుందో ఒక టేపు బయటపెట్టింది. 2002 జూలైలో లెవ్ రివిన్ అనే సినీ నిర్మాత మిఖ్నిక్ దగ్గరికి వచ్చాడు. కొత్త ప్రసార చట్టంలో ఒక నిబంధన మార్పిస్తే అగోరా సంస్థ పోల్సాట్ అనే ప్రైవేటు టీవీని కొనుక్కోవచ్చు, దానికి 1.75 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నాడు. అధికారంలో ఉన్నవాళ్ల తరఫున వచ్చానన్నాడు. మిఖ్నిక్ రికార్డు చేశాడు. పత్రికలో వేసింది మాత్రం డిసెంబరు చివర్లో. ఈ అయిదు నెలల ఆలస్యమే గజెతా ప్రతిష్ఠను బాగా తినేసింది. పార్లమెంటరీ విచారణ నెలల తరబడి టీవీలో లైవ్‌గా సాగింది. ప్రభుత్వం నడిపిన వామపక్షం ఆ తర్వాత కోలుకోలేదు, రివిన్ జైలుకెళ్లాడు. చాలామంది పోలండ్ జనం మనసులో మాత్రం ఇంకో ముద్ర మిగిలింది: 1989 వీరులు, పాత కమ్యూనిస్టులు, మీడియా యజమానులు ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు అని. ఆ ముద్ర మీదే తర్వాతి రాజకీయాలు నడిచాయి.

2008 ఆర్థిక సంక్షోభం వచ్చేసరికి పశ్చిమ యజమానులకు తూర్పు మీద మోజు తీరింది. ప్రకటనల డబ్బు పడిపోయింది, మిగిలింది గూగుల్, ఫేస్‌బుక్ వైపు జారిపోయింది. వాళ్లు వచ్చింది లాభానికి, లాభం లేనప్పుడు ఉండమనడానికి కారణమూ లేదు. అమ్మకానికి పెట్టిన పత్రికలను కొనేది ఎవరు? పత్రికలో లాభం లేకపోయినా ఇంకెక్కడో లాభం ఉన్నవాళ్లు. చెక్ దేశంలో ఎరువులు, ఆహార వ్యాపారాల అధిపతి ఆంద్రేయ్ బాబిష్ 2013లో రెండు ప్రధాన దినపత్రికలున్న సంస్థను కొని, 2017లో ప్రధాని అయ్యాడు.

హంగరీలో ఇదే పని పద్ధతి ప్రకారం జరిగింది. ‘నేప్‌సబద్‌షాగ్’ ఒకప్పటి పార్టీ పత్రిక, తర్వాత దేశంలో పెద్ద ప్రతిపక్ష దినపత్రిక. 2016 అక్టోబరు 7, శుక్రవారం. ఆఫీసు మారుతున్నామని చెప్పడంతో సిబ్బంది సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుకున్నారు. మర్నాటికల్లా వాళ్లు కొత్త ఆఫీసుకు చేరలేదు, పత్రిక ఆపేశామన్న ఉత్తరమే వాళ్ల చేతికి చేరింది. నష్టాలే కారణమని యజమాని చెప్పాడు. నెల తిరక్కుండానే ఆ యజమాని కంపెనీ, అప్పటి ప్రధాని ఓర్బాన్ సొంతూరు ఫెల్చూత్ మేయరు లూరింట్స్ మేసారోష్‌కు సంబంధించిన సంస్థ చేతిలోకి వెళ్లింది. ఆయన ఒకప్పుడు గ్యాస్ పైపులు బిగించే పని చేసేవాడు. 2018 నవంబరులో ఇలాంటి యజమానులందరూ తమ 470కి పైగా మీడియా సంస్థల్ని కెస్మా అనే ఒక్క ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చేశారు. పోటీ చట్టం అడ్డొస్తుందేమో అన్న టెన్షన్ లేకుండా, అది ‘జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం’ ఉన్న వ్యవహారమని ప్రభుత్వమే ప్రకటించింది.

ఇక్కడ ఎవర్నీ జైల్లో పెట్టలేదు, ఏ వాక్యం మీదా పెన్సిలు గీత పడలేదు. ప్రభుత్వ ప్రకటనలు అనుకూల మీడియాకే వెళ్లేవి. అది చూసి ప్రభుత్వంతో పని ఉన్న ప్రైవేటు కంపెనీలూ తమ ప్రకటనలు అటే ఇచ్చేవి. రేడియో లైసెన్స్ పొడిగించే సమయంలో పాత కాగితాల్లో ఏదో లోపం దొరికేది, 2021 ఫిబ్రవరిలో క్లబ్‌రేడియో ఫ్రీక్వెన్సీ పోయింది అలాగే. 2020 జూలైలో ఇండెక్స్ వెబ్‌సైట్ సంపాదకుణ్ని తీసేస్తే 70 మందికి పైగా జర్నలిస్టులు రాజీనామా చేశారు. పాఠకుల చందాలతో టెలెక్స్ అనే కొత్త సైట్ పెట్టుకున్నారు. అమెరికా డబ్బుతో నడిచే రేడియో ఫ్రీ యూరప్ ఇక అవసరం తీరిందని 1993లో తన హంగేరియన్ విభాగాన్ని మూసేసింది. 2020లో మళ్లీ తెరిచింది.

పోలండ్ కూడా ఆ దారిలో సగం దూరం వెళ్లింది. 2015లో అధికారానికి వచ్చిన లా అండ్ జస్టిస్ పార్టీ కొద్ది వారాల్లోనే ప్రభుత్వ టీవీ టీవీపీని పూర్తిగా తన గుప్పిట్లోకి తీసుకుంది. జర్మన్ యజమానుల పుండు సంగతి ఇందాక చెప్పాను కదా, దానికి మందు 2020 డిసెంబరులో దొరికింది. ప్రభుత్వ పెట్రోల్ కంపెనీ ఓర్లెన్ ఆ పస్సావు సంస్థ నుంచి పోల్స్కా ప్రెస్‌ను కొంది. దేశంలోని 24 ప్రాంతీయ దినపత్రికల్లో 20, ఇంకా 120 దాకా స్థానిక వారపత్రికలు దానివే. దానికి కొద్దిగా ముందే ఓర్లెన్ ఇంకొకటి కూడా కొంది: రూఖ్ కియోస్కులు. 1990లో ఆర్‌ఎస్‌డబ్ల్యూను ముక్కలు చేసి పంచిన ఆస్తిలో పెద్ద భాగం, పత్రికలూ కియోస్కులూ కలిపి, పెట్రోల్ బంకుల కంపెనీ పేరుతో తిరిగి ప్రభుత్వం చేతికి వచ్చింది. మరుసటి ఏడాది సంపాదకుల్లో చాలామంది మారిపోయారు.

అయినా హంగరీలా పూర్తిగా బిగుసుకోలేదు. కారణం, ఇంకా చాలా ఆస్తి వేరే చేతుల్లో ఉంది. పెద్ద ప్రైవేటు చానెల్ టీవీఎన్ అమెరికన్ కంపెనీది. దాన్ని అమ్మించడానికి తెచ్చిన చట్టాన్ని 2021 డిసెంబరులో లా అండ్ జస్టిస్ మద్దతుతోనే గెలిచిన అధ్యక్షుడు దూదానే వీటో చేశాడు, అమెరికాతో తగాదా ఎందుకని. అగోరాలో వాటాలు స్టాక్ మార్కెట్‌లో చెదిరి ఉన్నాయి. పోలండ్‌లో ప్రకటనల మార్కెట్ కూడా హంగరీకన్నా చాలా పెద్దది, ప్రభుత్వ ప్రకటనలు రాకపోయినా ఎలాగోలా నెట్టుకురావచ్చు.

2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రధాని టస్క్ ప్రభుత్వం ముందున్న చిక్కు ఇది: పాత ప్రభుత్వం వేసిన మీడియా మండలిని చట్టం మార్చి తీసెయ్యాలి, చట్టం మారిస్తే దూదా వీటో చేస్తాడు. అందుకని సంస్కృతి శాఖ మంత్రి షెంకియెవిచ్ కంపెనీ చట్టాన్ని వాడాడు. టీవీపీలో నూరు శాతం వాటా ప్రభుత్వానిది కాబట్టి వాటాదారుడి హోదాలో బోర్డును మార్చేశాడు. డిసెంబరు 20న న్యూస్ చానెల్ ప్రసారం మధ్యలోనే ఆగిపోయింది. పార్టీ ప్రచారం ఆగిందని కొందరు సంబరపడ్డారు. పద్ధతి తప్పని అన్నవాళ్లలో పాత ప్రభుత్వాన్ని ఎన్నడూ సమర్థించని న్యాయ నిపుణులూ ఉన్నారు, వాళ్ల అభ్యంతరం కొట్టిపారేయగలిగింది కాదు. ఇవాళ మంచి పనికి వాడిన దొడ్డిదారి రేపు వచ్చేవాడికీ తెరిచే ఉంటుంది. దూదా మాత్రం డబ్బు మీద దెబ్బకొట్టాడు. ప్రభుత్వ మీడియాకు కేటాయించిన 300 కోట్ల జ్లోటీలున్న బిల్లును వీటో చేశాడు. దానికి జవాబుగా డిసెంబరు 27న మంత్రి టీవీపీని, ప్రభుత్వ రేడియోను, వార్తా సంస్థ పీఏపీని లిక్విడేషన్‌లో పెట్టాడు. మూసెయ్యడానికి కాదు, నడపడానికి. లిక్విడేటర్ చేతిలో ఉన్నంతకాలం పాత మండలి బోర్డును మార్చలేదు.

2025లో కూడా టీవీపీ అధికారిక పేరు చివర ‘లిక్విడేషన్‌లో ఉన్నది’ అన్న మాట అలాగే ఉంది. శాశ్వత పరిష్కారానికి కొత్త మీడియా చట్టం కావాలి. ఆ ఏడాది జూన్‌లో గెలిచిన అధ్యక్షుడు కరోల్ నవ్రోత్స్కీకి అండగా నిలిచింది కూడా లా అండ్ జస్టిస్ పార్టీయే, వీటో పెన్ను ఇప్పుడు ఆయన దగ్గరుంది.